జూన్ చివర్లో రల్లర్‌వేగెన్, ఔర్లాండ్ కొండదారి సైకిల్ మీద దాటొచ్చా?

రెండు_చక్రాలు

నార్వే పడమటి ఫియోర్డ్‌ల (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల) వైపు జూన్ 24 నుంచి ఆరు రోజులు, ఇద్దరం. ఓస్లో నుంచి రైల్లో హౌగస్తోల్, అక్కడ సైకిలెక్కి రల్లర్‌వేగెన్ అనే పాత కంకర దారి మీదుగా రెండు రోజుల్లో ఫ్లోమ్ (82 కి.మీ.), తర్వాత ఔర్లాండ్ నుంచి కొండ దాటి లేర్దాల్. ఇదీ అనుకున్నది. సైకిళ్లకు 38 మి.మీ. టైర్లు, డిస్క్ బ్రేకులు, అన్నిటికన్నా తేలిక గేరు 34/34 (ముందు చక్రానికి 34 పళ్లు, వెనక 34). ఒక్కో సైకిల్ మీద 12 కిలోల సామాను. మంచు అప్పటికి కరుగుతుందా? ఈ గేరు చాలుతుందా? ఔర్లాండ్ ఎక్కడం కష్టమైతే లేర్దాల్ సొరంగంలోంచి వెళ్లొచ్చా? నాతో వచ్చేవారికి సైకిల్ కన్నా నడకే ఇష్టం, వారి కోసం ఒక రోజు నడకదారి కూడా చెప్పండి.

మంచుగీత

సొరంగం మాట మరిచిపోండి. లేర్దాల్ సొరంగం 24.5 కి.మీ., సైకిళ్లకు నిషేధం. ఫ్లోమ్ నుంచి గుద్వాంగెన్ వైపు ఉన్న 11 కి.మీ. పైచిలుకు సొరంగంలోనూ అంతే, అటు వెళ్లాలంటే నేరోయ్ ఫియోర్డ్ పడవే దారి. ఈ ప్రాంతంలో ప్లాను వేసేటప్పుడు కిలోమీటర్లు కాదు, ముందు సొరంగాలూ మంచూ చూసుకోవాలి.

మంచు విషయంలో మీ రెండు దారులూ ఒకటి కావు. ఔర్లాండ్ కొండదారి కార్లు తిరిగే రోడ్డు, వసంతంలో యంత్రాలతో మంచు కోసి తెరుస్తారు. మామూలు ఏడాదిలో జూన్ మొదట్లోనే తెరుచుకుంటుంది. మీరు వెళ్లేసరికి పైన రోడ్డు పక్కన మంచు గోడలు ఉన్నా తారు పొడిగా ఉండొచ్చు. రల్లర్‌వేగెన్ అలా కాదు. బెర్గెన్ రైలు మార్గం వేసేటప్పుడు సామాను మోయడానికి 1895-1902 మధ్య వేసిన కంకర దారి అది. ఎత్తైన చోట 1343 మీటర్లు. ఫిన్సె, హల్లింగ్‌షైద్ అనే రైలు స్టేషన్ల మధ్య మంచు చివరిదాకా మిగులుతుంది, మామూలుగా జూలై సగం దాటాకే అక్కడ సైకిల్ నడుస్తుంది.

"మంచు ఉంటే దిగి నెట్టుకుంటూ పోదాం" అని చాలామంది అనుకుంటారు. అదే ప్రమాదం. ఆ మంచు దారి మీద చదునుగా పరుచుకుని ఉండదు, కొండవాలుతో కలిసి ఏటవాలుగా ఉంటుంది, కింద ఏరో చెరువో ఉంటుంది. పొద్దున గట్టిగా గాజులా జారుతుంది. మధ్యాహ్నానికి మెత్తబడి మోకాలిదాకా దిగబడుతుంది. ఇంకా చెడ్డది, వాగు మీద కప్పులా నిలిచిన మంచు. కింద నీళ్లు దాన్ని లోపలినుంచి తొలుస్తుంటాయి, పైకి మాత్రం తెల్లగా నిండుగా కనిపిస్తుంది. మంచు కిందనుంచి నీటి చప్పుడు వినిపిస్తే దాని మీద కాలు పెట్టకండి. ఫిన్సెకు కారు రోడ్డు లేదు, మధ్యలో ఆగిపోతే రైలు స్టేషన్ దాకా వెనక్కి నడవాల్సిందే.

కాబట్టి జూన్‌లో అయితే రైలు మీర్దాల్ దాకా తీసుకుని, అక్కడినుంచి ఫ్లోమ్ లోయలోకి దిగే చివరి ముక్క మాత్రం పెట్టుకోండి. మొత్తం దారే కావాలంటే తేదీని జూలై ఆఖరుకో ఆగస్టుకో జరపండి. రైల్లో సైకిల్‌కు విడిగా చోటు బుక్ చేయాలి, ఒక్కో రైల్లో కొన్నే ఉంటాయి. మనుషుల టికెట్ల కన్నా ముందు అది చూసుకోండి. రోడ్డు తెరిచారో లేదో తెలుసుకోవడానికి నార్వేలో 175కి ఫోన్ చేయొచ్చు.

బ్రేకుప్యాడ్

గేరు సంగతి. ఔర్లాండ్‌లో రోడ్డు ఫియోర్డ్ ఒడ్డున, అంటే సముద్రమట్టంలో మొదలవుతుంది. స్టేగస్టైన్ వ్యూపాయింట్ 650 మీటర్ల ఎత్తున, సుమారు 8 కి.మీ. దూరంలో. సగటు వాలు 8 శాతం. మనిషి, సైకిల్, సామాను కలిపి 105 కిలోలనుకుంటే, గంటకు 6 కి.మీ. వేగానికే చక్రం దగ్గర 150 వాట్లు కావాలి. 34/34 మీద పెడల్ ఒక చుట్టుకు సుమారు 2.1 మీటర్లు ముందుకెళ్తారు, అంటే నిమిషానికి 48 చుట్లు. గంటా ఇరవై నిమిషాలు అలా తొక్కితే మోకాళ్లు మొరాయిస్తాయి. ముందు 26, వెనక 36 ఉంటే అదే వేగానికి 66 చుట్లు పడతాయి, అది హాయి. ముందు పళ్లచక్రం మార్చడం కుదరకపోతే సామాను సగానికి తగ్గించండి. స్టేగస్టైన్ తర్వాత కూడా ఎక్కుడు ఉంది, పైచోటు 1306 మీటర్లు. రోడ్డు చాలాచోట్ల ఒక్క వాహనం పట్టేంతే. వ్యూపాయింట్ దాకా టూరిస్టు బస్సులు తిరుగుతాయి, పొద్దున్నే బయల్దేరితే ఆ రద్దీ తప్పుతుంది.

ఎక్కడం కన్నా దిగడమే నాకు ఎక్కువ బెంగ. మీర్దాల్ స్టేషన్ 866 మీటర్ల మీద ఉంది, ఫ్లోమ్ మాత్రం ఫియోర్డ్ ఒడ్డున, అంటే సముద్రమట్టంలో. 100 కిలోల బరువు అంత ఎత్తు దిగితే సుమారు 850 కిలోజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా పోవాలి. రెండు లీటర్లకు పైగా చన్నీళ్లు మరిగించేంత వేడి అది. వేగంగా దిగితే గాలి కొంత తీసుకుంటుంది. మొదట్లోని 21 హెయిర్‌పిన్ మలుపుల్లో, వదులు రాళ్ల మీద, నడిచే వేగంతో దిగుతుంటే దాదాపు అంతా బ్రేకులదే. అక్కడ దిగి నెట్టుకుంటూ పోవడమే పద్ధతి. తర్వాత వాలు తగ్గుతుంది.

బ్రేకుల్ని సన్నగా పట్టుకునే ఉండకండి. మలుపు ముందు గట్టిగా పట్టి, వేగం తగ్గాక పూర్తిగా వదలండి, ఆ వదిలిన క్షణాల్లోనే డిస్కు చల్లబడుతుంది. బ్రేకు లివర్ హ్యాండిల్‌కు దగ్గరగా వచ్చేస్తున్నా, మాడు వాసన వచ్చినా పది నిమిషాలు ఆగండి, డిస్కును వేలితో ముట్టుకోవద్దు. తడి ఇసుకలో రెజిన్ (మెత్తటి రకం) బ్రేకు ప్యాడ్లు ఒక్క రోజులో అరిగిపోగలవు, లోహపు ప్యాడ్లు ఎక్కువ మన్నుతాయి. కొన్ని డిస్కుల మీద "రెజిన్ ప్యాడ్లకు మాత్రమే" అని రాసి ఉంటుంది, వాటికి లోహపువి వేస్తే డిస్కు త్వరగా పాడవుతుంది. అలాంటప్పుడు రెజిన్‌వే ఇద్దరికీ ఒక్కో అదనపు జత పెట్టుకోండి. 38 మి.మీ. టైర్లు ఔర్లాండ్ తారుకు చాలు, రల్లర్‌వేగెన్ రాళ్లకు మాత్రం 45, ఆ పైన ఉంటే మేలు.

చలి లెక్క కూడా చేసుకోండి. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఒడ్డున 15 ఉంటే పైన 6. ఆ చలిలో 40 కి.మీ. వేగంతో దిగితే ఒంటికి ఒక డిగ్రీలా తగులుతుంది. వేళ్లు మొద్దుబారితే బ్రేకు పట్టలేరు. గాలి చొరబడని నిండు గ్లవ్‌లు సంచి అడుగున కాదు, చేతికందేలా పెట్టండి.

ఎర్ర_టీ

నడకకు ఔర్లాండ్ లోయ. బస్సులో ఓస్టర్‌బో దాకా ఎక్కి, అక్కడినుంచి వాస్‌బిగ్దికి దిగుతూ నడవాలి. సుమారు 20 కి.మీ., తిండికి ఆగడం కాక ఆరేడు గంటలు. రాళ్ల మీద ఎర్ర రంగుతో వేసిన ఇంగ్లిష్ ‘టీ’ (T) అక్షరం గుర్తులే దారి చూపిస్తాయి. సిన్యార్‌హైమ్ అనే పాత పొలం ఇళ్ల దగ్గర బాట కొండ చరియకు అంటుకుని పోతుంది, తడిస్తే బాగా జారుతుంది. మొత్తం మీద 750 మీటర్లకు పైగా దిగుడు కాబట్టి రెండు చేతికర్రలు ఉంటే మోకాళ్లకు భారం తగ్గుతుంది. చివరి బస్సు టైము పొద్దునే చూసి పెట్టుకోండి. ఆ రోడ్డు మీద పొడవైన సొరంగాలు ఉన్నాయి, కాబట్టి సైకిల్ మీద ఎదురెళ్లి తీసుకొద్దామనుకోకండి.

గుడారం వేస్తే దగ్గరి ఇంటికి 150 మీటర్ల దూరం ఉండాలి, ఒకేచోట రెండు రాత్రులు మించకూడదు. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అడవిలో, దాని పక్కన నిప్పు వెలిగించకూడదు.

రెండు_చక్రాలు

అయితే మీర్దాల్ నుంచి ఫ్లోమ్, ఒక రోజు లోయ నడక, తర్వాత నేనొక్కడినే ఔర్లాండ్ నుంచి లేర్దాల్. వెనక్కి రావడం?

మంచుగీత

లేర్దాల్ నుంచి సొరంగం గుండా బస్సుంది. సైకిల్‌కు చోటు ఉంటేనే ఎక్కించుకుంటారు, కాబట్టి ఆ రోజు ఆఖరి బస్సును నమ్ముకోవద్దు. ఇంకో మార్గం, సామాను ఔర్లాండ్‌లో వదిలేసి పైచోటు దాకా వెళ్లి అదే దారిన దిగిపోండి. బస్సు బెడద ఉండదు, ఫియోర్డ్ మొత్తం దిగేటప్పుడు ఎదురుగా కనిపిస్తుంది. స్టేగస్టైన్ పైన మబ్బు దిగి మంచులో రోడ్డు అంచు తెలిసేలా పక్కన పాతిన గుర్తు కర్రల్లో ముందున్న రెండోది కనిపించకపోతే అక్కడే వెనక్కి తిరగండి.