రీలు ‘కడగడం’ అనవచ్చునా?

ప్రశ్న:
పాత ఫిల్మ్ కెమెరాలను నిత్యం వాడుకోవడం గురించి ఒక పరిచయ వ్యాసం రాస్తున్నాను. ఫిల్మును డెవలప్ చేయడాన్ని అందులో ‘రీలు కడగడం’ అన్నాను. చదివిన మిత్రులొకరు, నీళ్లలో కడగడం ఆ పనిలో చివరి మెట్టు మాత్రమేననీ, మొత్తానికి ఆ పేరు చెల్లదనీ, ‘వికసింపజేయడం’ అంటే శాస్త్రీయంగా ఉంటుందనీ అభ్యంతరం చెప్పారు. ఆయన సూచించిన మాట నాకు కృతకంగా తోచింది గాని, అభ్యంతరానికి జవాబు దొరకలేదు. ఈ పని చేసేవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

సమాధానం:
నలుపు తెలుపు రీళ్లను కొన్నేళ్లుగా ఇంట్లోనే కడుగుతున్నాను కనుక నాకు తెలిసినంత చెబుతాను. మీ మిత్రుల మాటలో నిజం ఉంది. ఫిల్ము పూతలో వెలుగు సోకిన వెండి లవణాల స్ఫటికాలను డెవలపర్ అనే ద్రావణం నల్లని లోహపు వెండిగా మారుస్తుంది. స్టాప్ బాత్ ఆ చర్యను ఆపుతుంది. వెలుగు సోకక మిగిలిపోయిన లవణాలను ఫిక్సర్, అంటే పాతవారు హైపో అనే ద్రావణం, కరిగించి తీసివేస్తుంది. ఆ తరువాతే నీళ్ల వంతు వస్తుంది. అయినా ‘కడగడం’ తప్పని నేను అనను. ‘కడిగిన ముత్యం’ అన్నప్పుడు మనం నీటిని తలచుకోము, అంతకుముందు మరుగున ఉన్న మెరుపు బయటపడడాన్ని తలచుకుంటాము. రీలు విషయంలోనూ జరిగేది అదే. పైగా ఈ క్రియ తెలుగు వ్యాకరణంలో చక్కగా ఒదుగుతుంది. రీలును ఇతరులకు ఇచ్చి చేయించుకున్నంత కాలం నేను ‘కడిగించాను’ అనేవాడిని. మొదటిసారి సొంతంగా చేసిన రోజున, ప్రయత్నం లేకుండానే, ‘నా రీలు నేనే కడుక్కున్నాను’ అన్నాను. ‘వికసింపజేయించాను’ అని ఎవరి నోటనైనా వస్తుందా?

అయితే మొత్తం పనికి ఒక మాట, డెవలపర్ చేసే పనికి వేరొక మాట ఉండాలని నాకు అనుభవం నేర్పింది. ఒకసారి సీసాలు తారుమారై, డెవలపర్ కంటే ముందు ఫిక్సర్ పోశాను. ముప్పయ్యారు ఫోటోల రీలు గాజులా తేటగా బయటికి వచ్చింది. కెమెరాలో రీలు సరిగా ఎక్కక ఫోటోలు పడకపోయినా, అంచున తయారీదారు వేసిన అంకెలు మాత్రం నల్లగా కనిపిస్తాయి. నా రీలు మీద ఆ అంకెలూ లేవు, ఎందుకంటే అవి కూడా వెలుగుతో రాసినవే, డెవలపర్ తగిలితే తప్ప బయటపడనివే. రీలును కడగడమైతే కడిగాను, బొమ్మ మాత్రం తేలలేదు. ఆ నిరాశలో నా నోటికి వచ్చిన ‘తేలలేదు’ అన్న మాటనే ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను. నీటి అడుగున ఉన్నది పైకి రావడమూ తేలడమే, తెలియనిది రూఢి కావడమూ తేలడమే. నిజం తేలిందని, లెక్క తేలిందని అంటూనే ఉన్నాము. డెవలపర్ ‘బొమ్మను తేలుస్తుంది’ అంటే వివరణ అక్కరలేదు.

మరొక సభ్యుని స్పందన:
‘తేల్చడం’ నాకు నచ్చింది. కాని ‘వికాసం’ అన్నవారి పక్షాన ఒక మాట చెప్పాలి. కెమెరా మీట నొక్కినప్పుడు స్ఫటికంలో ఏర్పడేది కొద్దిపాటి వెండి పరమాణువుల నలుసు మాత్రమే; డెవలపర్‌లో ఆ నలుసు ఆధారంగా స్ఫటికం మొత్తం వెండిగా మారుతుంది. కాబట్టి అక్కడ పెరుగుదల అనేది లేకపోలేదు. ఇంకొక సందేహం కూడా ఉంది. రీలును కడిగే ట్యాంకు వెలుగు చొరకుండా మూసి ఉంటుంది కనుక ఫిల్ము మీద బొమ్మ తేలడాన్ని ఎవరూ చూడరు. ఎర్రదీపం కింద, ట్రేలో ఉన్న ఫోటో కాగితం మీదనే ఆ దృశ్యం కంటికి కనిపిస్తుంది. కంటికి కనిపించని పనికి ఈ మాట సరిపోతుందా?

సమాధానం:
పెరుగుదల గురించి మీరు చెప్పింది నిజమే, అది నేను ఆలోచించని విషయం. అయినా ‘డెవలప్’ అన్న మాటకే మూలార్థం చుట్టినదాన్ని విప్పడం. పెరుగుదల అనే అర్థం తరువాత చేరింది, మనం దానినొక్కదానినే పట్టుకొని ‘వికాసం’ అంటున్నాము. ఇక కంటికి కనిపించాలన్న నియమం ‘తేలు’ క్రియకు లేదు. లెక్క తేలడాన్ని ఎవరు చూశారు? ఈ మాటకు మరొక బలం కూడా ఉంది. 1839లో లోకానికి తెలిసిన, ఫ్రాన్సుకు చెందిన డాగెర్ ఫోటో పద్ధతిలో వెండి పూత పూసిన రేకు మీద బొమ్మను బయటపెట్టింది ద్రావణం కాదు, పాదరసపు ఆవిరి. ఇంగ్లండుకు చెందిన టాల్బట్ 1841లో పేటెంటు పొందిన కాగితపు పద్ధతిలో ఆ పనిని ద్రావణం చేసింది. మొదటిదాన్ని కడగడం అనలేము. రెండింటిలోనూ బొమ్మ తేలింది అనగలము.

నీళ్ల పనిని మాత్రం చిన్నదిగా చూడవద్దు. హైపో పూర్తిగా వదలకపోతే ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మ పసుపు బారుతుంది, వెలిసిపోతుంది. పాత ఆల్బముల్లో మచ్చలు పడిన ఫోటోలు చూసినప్పుడల్లా, సరిగా కడిగారో లేదో అన్న అనుమానమే నాకు ముందు కలుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వ్యాసంలో ఆ భాగాన్ని ఇలా మార్చాను: ‘డెవలపర్‌లో బొమ్మ తేలుతుంది, ఫిక్సర్‌లో నిలుస్తుంది, నీళ్లలో హైపో వదులుతుంది, ఈ మొత్తాన్ని రీలు కడగడం అంటారు.’ మిత్రులకు చూపించాను. ‘నిలుస్తుంది’ దగ్గర ఆయన కొంతసేపు ఆగి, ‘స్థిరీకరణ’ అని రాయనందుకు సంతోషించారు.