పెద్దపేగులో తెరుచుకోవలసిన క్యాప్సూల్: ఆలస్యాన్ని ఎప్పటి నుంచి లెక్కించాలి?

ప్రశ్న (ఎం.ఫార్మసీ విద్యార్థి)

నమస్కారం. పెద్దపేగు వాపుకు వాడే మందును 5 గంటల ఆలస్యంతో విడుదల చేసే క్యాప్సూల్‌ను నా ప్రాజెక్టులో రూపొందిస్తున్నాను. ఫార్మాల్డిహైడ్ ఆవిరి తగిలించి నీటిలో కరగకుండా చేసిన జెలటిన్ బాడీలో మందు నింపి, దాని మూతి దగ్గర హెచ్‌పీఎంసీ (నీటిలో ఉబ్బే పాలిమర్) ప్లగ్‌ను, అంటే బిరడాను, బిగించి, పైన మామూలు క్యాప్ తొడిగాను. చిన్నపేగు ద్రవానికి బదులుగా వాడే పీహెచ్ 6.8 బఫర్ ద్రావణంలో ప్లగ్ ఉబ్బి, కొంత అరిగి, అనుకున్న సమయానికే ఊడిపోతోంది. మనిషి శరీరంలో కూడా ఆ వేళకు క్యాప్సూల్ పెద్దపేగుకు చేరి ఉంటుందని నమ్మవచ్చా?

సమాధానం 1

ఈ రూపంలో నమ్మలేమండి. చిన్నపేగు ప్రయాణం చాలామందిలో 3 నుంచి 4 గంటలు పడుతుంది, ఆహారంతో పెద్దగా మారదు కాబట్టి ఆ భాగాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. చిక్కంతా జీర్ణాశయంతోనే వస్తుంది. పరగడుపున మింగిన క్యాప్సూల్ కొద్ది నిమిషాల్లోనే దాటిపోవచ్చు, రెండు గంటలు ఆగిపోవచ్చు. భోజనం తర్వాత మింగితే, విడిపోని పెద్ద వస్తువు కనుక, ఆహారమంతా ఖాళీ అయ్యాక వచ్చే బలమైన సంకోచాల అల దాన్ని ముందుకు నెట్టే వరకు చాలా గంటలు అక్కడే ఉండిపోతుంది. అప్పుడు మీ ప్లగ్ జీర్ణాశయంలోనే ఊడుతుంది.

అందువల్ల క్యాప్సూల్ మొత్తానికి ఎంటెరిక్ కోటింగ్ వేయండి. ఆమ్లంలో అది చెక్కుచెదరకుండా ఉండి, చిన్నపేగులో అడుగుపెట్టాకే కరిగితే, ప్లగ్ తడవడం అక్కడి నుంచి మొదలవుతుంది. ఇది నిజంగా పనిచేస్తోందో తెలుసుకోవడానికి కొన్ని క్యాప్సూళ్లను ఆమ్లంలో 2 గంటలు, కొన్నింటిని 4 గంటలు, మరికొన్నింటిని 6 గంటలు ఉంచి, ఆ తర్వాత బఫర్‌లోకి మార్చండి. బఫర్‌లోకి మార్చిన క్షణం నుంచి లెక్కించిన ఆలస్యం మూడింటిలోనూ ఒకేలా రావాలి. నా దృష్టిలో మీ ప్రాజెక్టుకు ఇదే అసలైన పరీక్ష.

సమాధానం 2

పై మాటతో ఏకీభవిస్తూ, తయారీ గురించి కొంత చెబుతాను. కోటింగ్ సాధారణంగా క్యాప్, బాడీ కలిసే అతుకు దగ్గర పగులుతుంది. కోటింగ్‌కు ముందే ఆ అతుకును ఆల్కహాల్‌లో కరిగించిన ఇథైల్ సెల్యులోజ్‌తో (నీటిలో కరగని పాలిమర్) మూసివేయడం మంచిది. ప్లగ్‌ను ఎంత లోతుకు దించారన్నది కూడా చూడండి. అంచుకు సమంగా ఉన్న ప్లగ్ త్వరగా ఊడుతుంది, లోపలికి దిగినది బాడీ గోడను పట్టుకొని ఎక్కువ సేపు నిలుస్తుంది, కాబట్టి లోతు క్యాప్సూల్‌కొక తీరుగా ఉంటే ఆలస్యమూ అలాగే చెదురుతుంది. బాడీలో మిగిలిన ఫార్మాల్డిహైడ్‌ను తప్పనిసరిగా పరీక్షించండి.

ప్రశ్న వేసిన విద్యార్థి

ఇద్దరికీ ధన్యవాదాలు. ప్లగ్ లేకుండా, పీహెచ్ 7 దాటితే కరిగే పాలిమర్ పూత ఒక్కటే వేస్తే సరిపోదా?

సమాధానం 3

అలాంటి మాత్రలు వాడుకలో ఉన్నాయి కానీ, దానిలోనూ ఇబ్బంది ఉంది. చిన్నపేగు చివర 7.4 దాకా ఉండే పీహెచ్, బ్యాక్టీరియా పీచును పులియబెట్టి ఆమ్లాలు చేయడం వల్ల పెద్దపేగు మొదట్లో 6.4 దగ్గరికి పడిపోతుంది. పూత ముందే కరిగితే మందు చిన్నపేగులో పోతుంది. కరిగేలోపే ఆ చోటు దాటిపోతే మాత్ర మలంలో అలాగే బయటపడవచ్చు. వాపు ఉన్న పేగులో పీహెచ్ ఇంకా తగ్గవచ్చు. పెక్టిన్, గ్వార్ గమ్ వంటి మొక్కల పీచు పదార్థాలను ప్లగ్‌లో కలిపితే పెద్దపేగులోని బ్యాక్టీరియా ఎంజైములు వాటిని విడగొడతాయి, అంటే సమయానికి చోటు కూడా తోడవుతుంది. అయితే యాంటీబయాటిక్స్ వాడుతున్న రోగిలో ఈ ఆధారం బలహీనపడుతుంది కనుక, ప్లగ్ ఆలస్యాన్ని పూర్తిగా వదులుకోవద్దని నా సలహా.