పిరమిడ్ సాలిటేర్‌లో కప్పి ఉన్న ముక్కను జతచేయవచ్చునా?

ఒక్కరే ఆడుకునే పేకాటల్లో ఒకటైన పిరమిడ్ సాలిటేర్‌ను అసలు ముక్కలతోనే నేర్చుకుంటున్నాను. 28 ముక్కలను ఏడు వరుసల్లో, పై ముక్కను కింది వరుసలోని రెండు ముక్కలు కొంతమేర కప్పేలా పేర్చి, మిగిలిన 24 ముక్కల కట్టలోంచి ఒక్కొక్కటిగా తిప్పుతూ, విలువల మొత్తం 13 అయ్యే జతలను తొలగించాలన్నంత వరకు స్పష్టంగానే ఉంది. రాణికి ఆసు, జాకీకి రెండు జత అవుతాయి. రాజు మాత్రం ఒంటరిగానే తొలగుతాడు (హోదాకు తగినట్టే).

నా సందేహం ఒక్కటే. ఒక తొమ్మిదిని నాలుగు మాత్రమే కప్పి ఉండి, రెండో పక్కనున్న ముక్క అప్పటికే తొలగిపోయి ఉంటే, ఆ రెండింటినీ కలిపి తీసేయవచ్చునా? ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే తీయకూడదన్నప్పుడు, ఒక తొమ్మిదికి కింద ఉన్న త్రికోణంలోనే నాలుగు నాలుగులూ పడితే ఆట మొదలు కాకముందే ఓడినట్టే. అనుభవజ్ఞులు మీరు పాటించే పద్ధతిని, కట్టను ఎన్నిసార్లు తిరగేయనిస్తారో కూడా దయచేసి తెలియజేయగలరు.