ఈ వారం సమస్య: వంతెనను గొట్ట రక్కసుం డంతమయ్యె

నిర్వాహకుడు:
మిత్రులారా, ఈసారి పురాణాలకు సెలవు. 1985లో నింటెండో తెచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ వీడియోగేమ్‌లో ప్రతి కోట చివరా మారియోకు అడ్డంగా నిలబడే రాక్షసుడు బౌజర్ గుర్తున్నాడుగా? వీపు మీద ముళ్ల డిప్ప, తల మీద కొమ్ములు, నోట్లోంచి మంటలు. వాడి మీదే పూరణ. సమస్య తేటగీతి పద్యం చివరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి:

*వంతెనను గొట్ట రక్కసుం డంతమయ్యె*

వంత, డంత. పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం కలిస్తే యతి; ఇక్కడ దాని బదులు ప్రాస కలిసింది, అంటే ప్రాసయతి, చూసుకోండి. ఇచ్చిన పాదంలో అక్షరం మార్చకూడదు. కొడితే వంతెనకు తగలాలి, చావు మాత్రం రాక్షసుడికి రావాలి. ఆ ముడి విప్పడమే మీ పని.

పాతక్యాసెట్:
నాది మొదటి బోణీ. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా పక్కింట్లో ఆడేవాళ్లం. క్యాసెట్టు పనిచేయకపోతే తీసి, నోటితో ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టేవాళ్లం.

అగ్గి నుమియుచు కూపయే యడ్డగింప
మీసముల వీరు డొకగంతు మించ వైచి
ఆవలను గొడ్డలిని తాక నంతలోనె
వంతెనను గొట్ట రక్కసుం డంతమయ్యె

చింతచెట్టు:
కథ సాఫీగా నడిచింది. 'కూప' ఎవరండీ? బావిలో కప్ప అనుకున్నాను ముందు.

పాతక్యాసెట్:
జపాన్‌లో వాడి పేరు కూపా అండీ. ఆ పేరు కొరియావాళ్ల అన్నం వంటకం నుంచి వచ్చింది, పులుసులో అన్నం వేసి చేస్తారు.

చింతచెట్టు:
అంటే మన లెక్కన 'చారన్నాసురుడు'. భేష్.

నిర్వాహకుడు:
గణాలు సరిపోయాయి. రెండు మాటలు. 'వైచి' తర్వాత 'ఆవలను' అన్నారు, అక్కడ యడాగమం, అంటే మధ్యలో 'య', రావాలి. 'యావలను' అన్నా యతి చెడదు కాబట్టి మార్చేయండి. ఇక 'మించ' అన్న మాట యతి కోసం వచ్చిందే తప్ప అర్థం కోసం రాలేదు. పులిహోర తిన్నాక పళ్లెంలో మిగిలే కరివేపాకులాంటిది. అయితే మూడో పాదం నాకు బాగా నచ్చింది. వాడు గెంతినప్పుడు కిందనుంచి దూరి, వంతెన చివరున్న గొడ్డలిని తాకడం, వంతెన ముక్కలు ముక్కలుగా మాయమవడం, వాడు కాసేపు గాల్లో కాళ్లాడించి లావాలో పడడం. ఇదంతా 'అంతలోనె'లో ఉంది.

గుండుసున్న:
ఒక సందేహం మాస్టారూ. మారియో వంతెనను 'కొట్టలేదు' కదా, గొడ్డలిని తాకాడంతే.

నిర్వాహకుడు:
మంచి ప్రశ్న. చెట్టు కొట్టాడు, కట్టెలు కొట్టాడు అంటాం కదా. తెలుగులో కొట్టడమంటే నరకడం కూడా. గొడ్డలి వచ్చిందంటే 'కొట్ట' అన్న మాటకు ప్రాణం వచ్చినట్టే. సమస్యలో ఆ మాట పెట్టింది అందుకే.

గుండుసున్న:
అయితే నాదీ చూడండి. అందరూ గొడ్డలి దారే పడతారని నిప్పుబంతులు పట్టుకున్నాను.

నిప్పు బంతుల నైదింట నేల గూల్ప
వేష మూడగ గుంబాయె వెలికి వచ్చె
ఎనిమిదవ కోటలో జూడ నితడె నిజము
వంతెనను గొట్ట రక్కసుం డంతమయ్యె

తోకచుక్క:
అబ్బ! ఇది తెలిసినవాళ్లు తక్కువ. మొదటి ఏడు కోటల్లో ఉన్నది అసలు బౌజర్ కాదు. పువ్వు తిన్న మారియో ఐదు నిప్పుబంతులు వేస్తే వాడు తలకిందులై పడతాడు, పడేటప్పుడు అసలు రూపం బయటపడుతుంది. చిన్నప్పుడు అది చూసి ఆట పాడైందనుకున్నాను.

నిర్వాహకుడు:
ఊహ బాగుంది, కానీ ఒక తేడా. పద్యం చదివితే ఏడుగురూ గుంబాలే, అంటే ఆటలోని ఆ చిన్న శత్రువులే, అనిపిస్తోంది. గుంబా వచ్చేది మొదటి కోటలో మాత్రమే. రెండోదాంట్లో తాబేలు, ఆరోదాంట్లో స్క్విడ్‌లాంటి బ్లూపర్, ఏడోదాంట్లో సుత్తులు విసిరేవాడు. 'వేషమూడగ వేరొకం డెవడొ వచ్చె' అన్నట్టు ఏదైనా చూడండి, యతి మీరు సర్దుకోండి.

గుండుసున్న:
గుంబా అన్న మాటలో ఒక గుండ్రటి చప్పుడుంది మాస్టారూ, దాన్ని వదల్లేను.

నిర్వాహకుడు:
సరే, ఉంచుకోండి. కవికి ఆ మాత్రం మొండితనం ఉండాలి.

తోకచుక్క:
నా పూరణ. నేను 1996 నాటి సూపర్ మారియో 64 మనిషిని.

తోక బట్టుక గిరగిర త్రిప్పి విసర
బాంబు మీదను బడి వాడు బాధ నొంద
మూడుమారులు విసరగ మురిసె జనము
వంతెనను గొట్ట రక్కసుం డంతమయ్యె

చింతచెట్టు:
తమ్ముడూ, మొదటి పాదంలో యతి తప్పింది. తో, త్రి: హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. ఒకారానికి ఇకారం మైత్రి లేదు.

తోకచుక్క:
'తిప్పి' లేకుండా ఆ సన్నివేశం ఎలా చెప్పను అక్కా? జాయ్‌స్టిక్ కర్రను గుండ్రంగా తిప్పీ తిప్పీ అరచెయ్యి తోలు ఊడిపోయింది మాకు.

చింతచెట్టు:
'తోక బట్టుక సుడివలె దూల్చి విసర' అను. తో, దూ కలుస్తాయి. తిప్పడం సుడిలో వచ్చేసింది.

నిర్వాహకుడు:
చక్కటి సవరణ. కానీ తమ్ముడూ, అసలు చిక్కు యతిలో లేదు. మూడు పాదాల దాకా బాంబులు పేలాయి, నాలుగోదాంట్లో వంతెన ఎక్కడినుంచి ఊడిపడింది? ఆ ఆటలో బౌజర్‌ని విసిరేది అరుగు మీద. మొదటి రెండు పోరాటాల్లో ఒక్కసారి తగిలితే చాలు, మూడోదాంట్లోనే మూడుసార్లు. ఆ లెక్క సరిగ్గా చెప్పారు. పద్యం బాగుంది గానీ ఇది పూరణ కాలేదు.

తోకచుక్క:
ఒప్పుకున్నా. వంతెన ఉన్న ఆటే ఆడతాను ఇంకోసారి.

చింతచెట్టు:
నేను ఈ ఆట ఎప్పుడూ ఆడలేదు. మా అబ్బాయి ఆడుతుంటే వెనక కూర్చుని చూశాను. పురాణాలకు సెలవన్నారు గానీ, వంతెన, రాక్షసుడు అనగానే మనసు ఆగదు కదా.

అచట వారధి గట్టియే యసురు గెల్చె
రామవిభు డట, వేరొక్క రాజ్యమందు
గొట్టముల బాగుచేసెడి కూలివాడు
వంతెనను గొట్ట రక్కసుం డంతమయ్యె

పాతక్యాసెట్:
అమ్మో.

నిర్వాహకుడు:
సెలవు రద్దు! అక్కడ వంతెన కడితేనే రాక్షసుడు చచ్చాడు, ఇక్కడ కూలిస్తే చచ్చాడు. సమస్యలో నాకే కనిపించని అందం ఇది. 'డట' అన్న ఒక్క మాటతో ఆ కథను దూరం జరిపి, ఈ కథకు చోటు చేశారు. గొ, కూ యతి కూడా వినసొంపుగా ఉంది.

గుండుసున్న:
చిన్న చిక్కు అక్కా. గొడ్డలి ప్లంబరు పనిముట్టు కాదుగా? అయినా మీకు అనుకూలంగా ఒక సాక్ష్యం ఉంది. 1981లో డాంకీ కాంగ్ ఆటలో మారియో వడ్రంగి. 1983 మారియో బ్రదర్స్‌తో ప్లంబరయ్యాడు. పాత వృత్తి చేతిలో ఉండిపోయిందనుకుందాం.

చింతచెట్టు:
అదే నా మనసులోనూ ఉందని చెప్పేయనా? లేదు లెండి, నిజంగా తెలియదు.

నిర్వాహకుడు:
నాదీ ఒకటి. నలభై ఏళ్లుగా నన్ను తొలిచే ప్రశ్న: ఆ గొడ్డలిని అక్కడ పెట్టిందెవడు?

తానె కట్టిన వంతెన దాపునందె
గొడ్డలిని నుంచు తెలివికి గోటి నతులు;
కూరుచున్నట్టి కొమ్మను గొట్టినటుల
వంతెనను గొట్ట రక్కసుం డంతమయ్యె

తోకచుక్క:
మాస్టారూ, మీ పద్యంలో కొట్టిందెవరో చెప్పలేదు! చదివితే వాడే కొట్టుకున్నట్టుంది.

నిర్వాహకుడు:
దొరికిపోయాను. ఎవరు కొట్టారో చెప్పకపోవడం లోపమే.

తోకచుక్క:
లోపం కాదండీ! 1988లో వచ్చిన మూడో భాగం గుర్తు చేసుకోండి. అక్కడ గొడ్డలే లేదు. బౌజర్ మారియో మీదికి దూకుతాడు, మనం పక్కకు తప్పుకుంటాం, వాడి బరువుకు నేల ఇటుకలు పగులుతాయి. అలా కొన్నిసార్లు దూకించి ఒకేచోట పగలనిస్తే తన గోతిలో తనే పడతాడు. వంతెన అన్న మాట ఒక్కటి పక్కన పెడితే మీ పద్యం ఆ ఆటకు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

నిర్వాహకుడు:
ఆ మూడో భాగం ఆడనివాడి పద్యానికి ఆడినవాడి వ్యాఖ్యానం. ఈ వారం మొదటి స్థానం చింతచెట్టు గారిది, నా ఓటు కూడా అటే. వచ్చే వారం సమస్య, ఇదీ బౌజర్ మీదే, తేటగీతే:

*శత్రు దేహము నందుండి సఖిని గాచె*

పాతక్యాసెట్:
2017, సూపర్ మారియో ఒడిస్సీ, చంద్రుడి మీద! టోపీ విసిరి బౌజర్ ఒంట్లో దూరి రాకుమారిని మోసుకుపోతాడు. నాకు మొదటి పాదం వచ్చేసింది, ఎవరూ తొందరపడకండి.

చింతచెట్టు:
బాబోయ్, మా అబ్బాయిని నిద్ర లేపాలి.