అప్‌డేట్: శుక్రుడి రోజు సంగతి మా పాపకు అర్థమైంది

శుక్రుడి మీద ఏడాది కంటే రోజే పెద్దదని చదివి, "అదెలా కుదురుతుంది?" అని మా పాప పట్టుకుంది, ఎలా చెప్పాలి అని అడిగాను కదా. ఆడించి చూపించమన్నవాళ్లకు చాలా థాంక్స్. అదే పనిచేసింది.

గది మధ్యలో కుర్చీ సూర్యుడు, పాప గ్రహం. కుర్చీని ఒకసారి చుట్టివస్తే ఏడాది, తన చుట్టూ తాను ఒకసారి తిరిగితే రోజు. శుక్రుడు సూర్యుణ్ని 225 రోజుల్లో చుట్టేస్తాడు, తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు, అదీ మన భూమికి ఎదురు దిశలో. పాప మెల్లగా వెనక్కి తిరుగుతూ కుర్చీని చుట్టి, మొదలుపెట్టిన చోటికి వచ్చి ఆగింది. ముఖం ఇంకా పక్కకే ఉంది. "ఏడాది అయిపోయింది, రోజు అవ్వలేదు!" అని తనే అరిచింది. ఆ ఆనందం మాటల్లో చెప్పలేను.

ఒక సూర్యోదయం నుంచి మళ్లీ సూర్యోదయానికి మాత్రం అక్కడ సుమారు 117 రోజులే అని ఒకరు చెప్పారు. ఎదురు తిరగడం వల్లే ఆ తేడా. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి, లేదంటే రెండు పుస్తకాల్లో రెండు అంకెలు చూసి తికమకపడతారు.

గురుడైతే 10 గంటల్లోపే గిర్రున తిరుగుతాడు, ఏడాదికి మాత్రం మన 12 ఏళ్లు. 1846లో కనిపెట్టిన నెప్ట్యూన్‌కు మొదటి ఏడాది 2011లో పూర్తయిందంటే పాప నమ్మలేదు, కాగితం మీద తీసివేసి చూసుకుంది.

మీరూ ఆడిస్తే భూమితో మొదలుపెట్టండి, శుక్రుణ్ని చివరికి ఉంచండి.