పిల్లలమర్రి, పానగల్లు సైకిల్ మీద: గాలి, ముండ్లు, దారి వరుస

పాలమూరు_సైకిల్:
మహబూబ్‌నగర్ నుంచి పిల్లలమర్రికి నాలుగు కిలోమీటర్లే కాబట్టి దూరం సమస్య కాదు. చెట్టు దగ్గర సైకిల్ ఎక్కడ పెట్టాలి? కంచెకు ఆనిస్తే తప్పా? నల్లగొండ దగ్గర పానగల్లు గుళ్లు రెండూ ఒక్క పొద్దుట్ల అయితయా?

మర్రినీడ:
ఆనించకండి అన్నా. బయట స్టాండు వేసి నడిచి పోవాలి. దాదాపు ఏడు వందల ఏండ్లదని చెప్పే ఆ మర్రి మూడెకరాల మేర పరుచుకొని ఉంది. చెదలు పట్టి కొమ్మ విరిగాక 2017 డిసెంబర్‌లో సందర్శకులను కొంతకాలం ఆపారు. 2018లో క్లోరిపైరిఫాస్ అనే చెదల మందును నీళ్లలో కలిపి సెలైన్ బాటిళ్లతో చెట్టుకు బొట్టుబొట్టుగా ఎక్కించారు. బరువైన కొమ్మల కింద స్తంభాలు కట్టారు, ఊడలు నేలకు చేరేందుకు పైపులు పెట్టారు. ఊడ నేలలో వేరు పట్టినంకనే కొమ్మకు ఆసరా అయితది. చక్రాలతో, కాళ్లతో నేల గట్టిపడితే వేర్లకు గాలీ నీళ్లూ అందవు. లేత ఊడను ముట్టుకోవద్దు, పిల్లల్ని ఊగనివ్వద్దు.

పంచర్_పెట్టె:
దారిలో ఏడిపించేవి పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముండ్లు. వానలు వెనక్కి తగ్గి గడ్డి ఎండినప్పటి నుంచి జాగ్రత్త పడాలి. ఇరవై ఆరు అంగుళాల లావు టైరుకు గాలి ఒత్తిడి 40 పీఎస్ఐ చాలు. తక్కువైతే గుంతలో రిమ్ము ట్యూబును నొక్కి పక్కపక్కన రెండు బెజ్జాలు చేస్తది. బెజ్జం ఒక్కటే ఉంటే ముల్లు. ముల్లు తీసినంక టైరు లోపల బట్టతో తుడిచి చూడాలి, విరిగిన మొన అక్కడే ఉంటది. అది చూడక కొత్త ట్యూబు వేస్తే రెండు కిలోమీటర్లకు మళ్లీ పంచరే.
అతుకు వేసేటప్పుడు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, వేలికి అంటకుండా ఆరేదాకా ఐదు నిమిషాలు ఆగాలి. తడి మీద అతికిస్తే ఎండకు లేచిపోతది.

కోదాడ_పెడల్:
ముండ్లు దిగకుండా పాత ట్యూబు చీల్చి టైరు లోపల వేస్తే సరిపోదా?

పంచర్_పెట్టె:
సరిపోతది, కానీ చీల్చిన అంచు కొత్త ట్యూబును కోస్తది. అంచులు గరుకు కాగితంతో పల్చగా రుద్ది, రెండు కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా చూడాలి. మామూలు సైకిళ్లకు ఇంకో సంగతుంది: రాత్రికి రాత్రి గాలి దిగితే పంచరే అనుకోవద్దు. వాల్ ట్యూబ్, అంటే వాల్ లోపలి పిన్నుకు తొడిగే సన్న రబ్బరు గొట్టం, ఎండకు పగులుతది. వాల్ మీద నీటిబొట్టు వేస్తే బుడగలొస్తయి. ఆ గొట్టం రెండు అంగుళాల ముక్క జేబులో పెట్టుకోండి.

పానగల్లు_చెరువు:
రెండు గుళ్లూ అయితయి. నల్లగొండ నుంచి పానగల్లు నాలుగు కిలోమీటర్లు. ఛాయా సోమేశ్వరం పొలాల మధ్య ఉంది, దారిలో నీడ తక్కువ. ముందు అటే పోండి.

మర్రినీడ:
నేను ఒప్పుకోను. రెండో గుడి పచ్చల సోమేశ్వరం గోడల మీది రామాయణ, భారత శిల్పాలు ఏటవాలు ఎండలోనే తేటగా కనిపిస్తయి. ఛాయా సోమేశ్వరం గర్భాలయంలో పడే స్తంభం నీడ పగలంతా ఉంటది, దానికి తొందర లేదు.

పానగల్లు_చెరువు:
శిల్పాల మాట నిజమే. అట్లయితే పొద్దుగాల పచ్చల శిల్పాలు, తర్వాత ఛాయ, తిరిగొచ్చేటప్పుడు పచ్చల పక్కనున్న మ్యూజియం. ఛాయా సోమేశ్వరంలో మూడు గర్భాలయాలకు ఒకటే మండపం. నీడ పడేది నేరుగా వచ్చే ఎండతో కాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురుతో. అందుకే సూర్యుడు కదిలినా నీడ కదలదు. సెల్‌ఫోన్ లైటు వేస్తే మాయమైతది, ఆర్పి కండ్లు అలవాటయ్యేదాకా నిలబడండి. ఊళ్లో చెరువు ఉదయసముద్రం, కందూరు చోళుల కాలంది. ఇప్పుడు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్, అంటే కాలువ నీళ్లను నిల్వ చేసి అవసరానికి వదిలేది. కట్ట మీద ఎదురుగాలి ఉంటే చిన్న గేరుకు మారండి. ఎండాకాలంలో గంటకు ముప్పావు లీటరు నీళ్లు లెక్క వేసుకోండి, రెండో సీసాలో ఓఆర్ఎస్.