అప్‌డేట్: నేను ప్రోగ్రామ్ చేసిన డ్రమ్స్ మెషీన్‌లా వినిపించడం తగ్గింది

ఇంట్లో రికార్డ్ చేసుకున్న గిటార్ పాటకి నేను పెట్టిన డ్రమ్స్ గడియారం టిక్‌టిక్‌మన్నట్టు ఉన్నాయని మూడు వారాల కిందట అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. సమస్య తీరింది.

పనిచేసింది వెలాసిటీ (ఒక్కో నోట్‌ని ఎంత గట్టిగా కొట్టాలో చెప్పే అంకె) మార్చమన్న సలహానే. 127 వరకు వెళ్లే స్కేల్‌లో నా హై-హ్యాట్ (తాళాల్లాంటి జంట సింబల్స్) నోట్లన్నీ 100 దగ్గరే ఉన్నాయి. బీట్ మీద పడేవాటిని 95 దగ్గర ఉంచి, మధ్యలో వచ్చేవాటిని 60కి దించాను. 2, 4 బీట్ల మీది స్నేర్‌ని (టక్‌మని మోగే డ్రమ్) గట్టిగానే వదిలేసి, నాలుగో బీట్‌కి కాస్త ముందు 30తో ఒక ఘోస్ట్ నోట్ (చాలా మెల్లగా పడే స్నేర్ దెబ్బ) పెట్టాను. మిక్స్‌లో అది వినపడీ వినపడనట్టు ఉంటుంది, కానీ మ్యూట్ చేస్తే బీట్ చప్పబడిపోతోంది!

ఇంకొకరు "డ్రమ్మర్‌కి చేతులు రెండే" అన్నారు. చూసుకుంటే నా టామ్ ఫిల్‌లో (మామూలు బీట్ ఆపి టామ్ డ్రమ్స్ మీద వాయించే చిన్న ముక్క) హై-హ్యాట్ కూడా ఆగకుండా మోగుతోంది, అంటే మూడు చేతులు కావాలి. ఫిల్ ఉన్నంతసేపు హ్యాట్ తీసేశాను, వెంటనే శుభ్రంగా వినిపించింది.

కొత్త శాంపిల్స్ (రికార్డ్ చేసిన డ్రమ్ శబ్దాలు), కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గుల్ని తగ్గించే ఎఫెక్ట్) అవసరం పడలేదు. మనిషి వాయించినట్టు ఉండాలని నోట్లని కాస్త అటూ ఇటూ జరిపే హ్యూమనైజ్ బటన్ మాత్రం నా పాటని పాడుచేసింది: కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) అటూ ఇటూ జరిగి బేస్‌తో కలవలేదు. కిక్‌ని మళ్లీ గ్రిడ్ (కచ్చితమైన బీట్ గీతలు) మీదికే తెచ్చాను.

ఓపెన్ హ్యాట్ (తెరిచి ఉన్న హై-హ్యాట్) మోత క్లోజ్డ్ హ్యాట్ (మూసి ఉన్నది) కొట్టినా ఆగకపోతే, రెండింటినీ ఒకే చోక్ గ్రూప్‌లో (ఒకటి మోగగానే ఇంకోదాన్ని ఆపేసే సెట్టింగ్) పెట్టండి.